ఎఫ్‌టీ-101ఈ హ్యామ్ రేడియో సెట్: రిసీవ్ వచ్చిపోతోంది, ట్రాన్స్‌మిట్ అసలు లేదు (గుంటూరు)

బ్రాడీపేట_రవి | మే 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడింది. మా మేనమామ పాత హ్యామ్, అంటే సరదాకి లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడే మనిషి. ఆయన పోయి ఆరేళ్ళు. మొన్న అత్తయ్య మేడ మీద గది సర్దుతూ "ఈ పెట్టె నువ్వే పట్టుకుపోరా, పాత ఇనుప సామాన్లవాడికి వెయ్యడానికి చెయ్యి రావడం లేదు" అంది. పెట్టె అంటే యాసూ ఎఫ్‌టీ-101ఈ, వినడానికీ మాట్లాడ్డానికీ పనికొచ్చే పాత వాల్వు రేడియో సెట్. ఒక్కడినే మెట్లు దించేసరికి నడుం పట్టేసింది.

నాకు వీయూ3 కాల్‌సైన్‌తో హ్యామ్ లైసెన్సు ఉంది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్. ఇప్పటిదాకా చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్ తప్ప హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) ముట్టుకోలేదు, వాల్వు సెట్ అయితే అసలు తెలీదు. ఇంటికి తెచ్చి ప్లగ్ పెట్టి ఆన్ చేశాను. డయల్ లైటు వెలిగింది, స్పీకర్లో హిస్ వచ్చింది, డాబా మీద బట్టల తీగ పక్కనే పది మీటర్ల వైరు కట్టి 40 మీటర్ల బ్యాండ్ పెడితే ఎవరో తమిళంలో మాట్లాడుకుంటున్నారు. గాల్లో తేలిపోయాను. పది నిమిషాలకి టక్కున ఆగిపోయింది. పెట్టె మీద కొడితే వచ్చింది, మళ్ళీ పోయింది. కొడితే వస్తోంది కానీ ఎన్నిసార్లని కొడతాం.

ట్రాన్స్‌మిట్ అయితే లేనే లేదు. పీటీటీ (మైకు మీది మాట్లాడే బటన్) నొక్కితే లోపల రిలే టక్కుమంటోంది, మీటర్ ఐసీ (ఫైనల్ వాల్వుల కరెంటు) మీద పెట్టి చూస్తే ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. జాలీలోంచి చూస్తే ఫైనల్స్, అంటే పవర్ బయటికి పంపే చివరి వాల్వులు, రెండూ చీకటి. వాల్వులు పోయినట్టేనా? ఎక్కడ దొరుకుతాయి?

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 9, రాత్రి 10:41

ఆరేళ్ళు మూలన పడున్న సెట్టుని తెచ్చి నేరుగా కరెంటులో పెట్టేశావా తమ్ముడూ? నీ అదృష్టం బాగుంది, మీ మామయ్య పుణ్యం కూడా కొంత ఉండుంటుంది. అన్నేళ్ళు ఖాళీగా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్‌కి (కెపాసిటర్ అన్నా ఇదే) ఒక్కసారిగా ఫుల్ వోల్టేజి ఇస్తే లోపల లీకేజి పెరిగి వేడెక్కి పేలొచ్చు. ఇంకెప్పుడైనా ఇలాంటిది తెస్తే 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి చూడు. షార్ట్ ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. వోల్టేజిని మెల్లగా పెంచే డిమ్మర్‌స్టాట్ ఉంటే ఇంకా మంచిది.

ఇక నుంచి కొట్టడం మానెయ్. ఫొటోలు పెట్టు, పైమూత తీసి ఒకటి, కిందమూత తీసి ఒకటి, వెనకవైపు ఒకటి.

సాల్డర్_సుబ్బు | మే 9, రాత్రి 11:15

బ్రో, ఇంత పాత సెట్‌కి ఒకటే మందు. కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వెయ్యి. నేను ఒక స్టీరియో ఆంప్లిఫయర్‌కి అలాగే చేశా, ఒక్క ఆదివారంలో అయిపోయింది.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 9, రాత్రి 11:22

సుబ్బూ, జ్వరం వచ్చినవాడికి పళ్ళన్నీ పీకేసినట్టు ఉంటుంది అది. ఉన్న ఫాల్టు ఒకటైతే నీ డ్రై సోల్డర్లు పది కలుస్తాయి. తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో వెతకడానికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

మాస్టారు_73 | మే 10, ఉదయం 6:05

రవిగారూ, వాల్వులు కొనే ఆలోచన అప్పుడే వద్దు. ఫైనల్స్ రెండూ 6జేఎస్6సీ, పాత టీవీల్లో హారిజాంటల్ అవుట్‌పుట్ కోసం తయారైన వాల్వులు. ఈ సెట్లో రెండింటి హీటర్లూ (వాల్వుని వేడి చేసే తీగలు) సిరీస్‌లో ఉంటాయి కనుక ఒకటి పోతే రెండూ ఆరిపోతాయి. కానీ అంతకంటే చిన్న కారణం ఒకటుంది. వెనకవైపు ఏసీసీ అని రాసున్న 11 పిన్నుల సాకెట్ చూడండి. దానికో ప్లగ్ ఉండాలి. ఫైనల్స్ హీటర్ సప్లై ఆ ప్లగ్‌లోని జంపర్ గుండా తిరిగి వస్తుంది. ప్లగ్ లేకపోతే రిసీవర్ మామూలుగా పనిచేస్తుంది, ఫైనల్స్ మాత్రం వెలగవు. మీ లక్షణాలు సరిగ్గా అవే.

రెండోది, రిసీవ్ వచ్చిపోవడం. ఈ సెట్లో బోర్డులు చాలావరకు సాకెట్లలో గుచ్చేవే. అన్నేళ్ళకి ఆ అంచుల మీద ఆక్సైడ్ పొర పడుతుంది. రిలేల కాంటాక్టులూ అంతే. తడితే వస్తోంది అంటే కాంటాక్టే.

ఇంకో మాట. లోపల 600 వోల్టుల సప్లై ఉంది. ప్లగ్ పీకేసినా కండెన్సర్లలో ఛార్జి మిగులుతుంది. పీకి, కాసేపు ఆగి, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి పొడుగు ఇన్సులేటెడ్ వైరుకి కట్టి దాంతో ఛాసిస్‌కి (సెట్ ఇనుప చట్రానికి) డిస్‌ఛార్జ్ చేసి, మీటరుతో చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఈ మాట ముప్ఫై ఏళ్ళు చెప్పాను, విననివాళ్ళు ఒక్కసారే విన్లేదు.

బ్రాడీపేట_రవి | మే 10, సాయంత్రం 7:50

మాస్టారూ, సాకెట్ ఉంది, ప్లగ్ లేదు! అత్తయ్యకి ఫోన్ చేస్తే "నల్లగా గుండ్రంగా కాళ్ళున్నదా? నశ్యం డబ్బాలో వేసి బీరువా మీద పెట్టేవారు, పిల్లలు ముట్టుకుని మాట్లాడకుండా" అంది. వెళ్ళి చూస్తే నిజంగానే డబ్బాలో ఉంది. నశ్యం వాసన ఇంకా పోలేదు. ఆయన అలా ఫైనల్స్‌కి తాళం వేసుకునేవాడన్నమాట.

పెట్టగానే ఫైనల్స్ ఎర్రగా వెలిగాయి. కానీ ట్రాన్స్‌మిట్ ఇంకా ప్రయత్నించలేదు, మీరు చెప్పేదాకా నొక్కను.

మూతలు తీశాను. ఫైనల్స్ ఉన్న జాలీ గదిలో ఒక బల్లి. అంటే ఎండిపోయిన బల్లి, కాగితంలా. తోక ప్లేట్ కాయిల్ మీద, తల ఛాసిస్ మీద. ఫొటో పెట్టాను, తిండి తినేవాళ్ళు తెరవొద్దు.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 10, రాత్రి 8:10

హహ. నా సర్వీసులో బల్లులు తీసినన్ని ఫ్యూజులు మార్చలేదు. వెచ్చగా ఉంటుందని దూరతాయి. అది పడిన చోట నల్లటి మసి ఉంటే స్పిరిట్ పెట్టి బాగా తుడువు, ఆ మసి మీదుగా హెచ్‌టీ (హై వోల్టేజి) పాకుతుంది.

బోర్డులు ఒక్కొక్కటే తియ్యి, ఫొటో తీసి తియ్యి, ఒకటి తుడిచి పెట్టాకే రెండోది ముట్టుకో. అంచులకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మరీ నల్లగా ఉంటే మెత్తటి పెన్సిల్ రబ్బరు. గరుకు కాగితం పెట్టావంటే నీకూ నాకూ మాటల్లేవు. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు, దుమ్ము పట్టి బంకవుతుంది.

లబ్బీపేట_లావణ్య | మే 10, రాత్రి 9:02

రిలే కాంటాక్టులకి నేను చేసే పని: విజిటింగ్ కార్డుని సన్నటి పట్టీలా కత్తిరించి, ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో ఆర్మేచర్ (రిలేలో కదిలే రేకు) మెల్లగా నొక్కి కార్డుని బయటికి లాగడం. నల్లటి గీత కార్డు మీదికి వస్తుంది. అది రాకుండా పోయేదాకా లాగాలి. ఒకసారి కార్డు లేక శుభలేఖ ముక్క వాడాను, దాని మీది బంగారు రంగు కాంటాక్టులకి అంటి రెండు గంటలు పట్టింది వదిలించడానికి. మామూలు కార్డే వాడండి.

ఇంకోటి, మీ ఇంట్లో కరెంటు ఎంత వస్తోంది? ఈ సెట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 100 నుంచి 234 వోల్టుల వరకు ట్యాపులు (ఇంటి వోల్టేజికి తగ్గట్టు మార్చుకునే కనెక్షన్లు) ఉంటాయి. చాలా సెట్లు 220 మీద వదిలేసి ఉంటాయి. మాకు లబ్బీపేటలో రాత్రి పూట 240 దాటుతుంది. 220 ట్యాప్‌కి 240 ఇస్తే హీటర్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది, వాల్వు ఆయుష్షు తగ్గేది అక్కడే.

బ్రాడీపేట_రవి | మే 12, రాత్రి 9:30

నిన్నా ఇవాళా అదే పని. రిసీవ్ ఇప్పుడు రెండు గంటలుగా ఆగకుండా వస్తోంది. రిలేలో ఒక కాంటాక్టు నుంచి కార్డు మీద కాటుక గీసినట్టు వచ్చింది. ఒక బోర్డు అంచున మామయ్య పెన్సిలుతో తేదీ రాసుకున్నాడు, 1994 ఫిబ్రవరి. అంటే ఆయన కూడా ఇదే పని చేశాడన్నమాట.

కరెంటు కొలిచాను: 243. ట్యాప్ 220 మీదే ఉంది. హీటర్లు రెండూ కలిపి 12.6 ఉండాల్సింది 13.9 చూపిస్తోంది. మాస్టారూ, 234కి మార్చెయ్యనా?

మాస్టారు_73 | మే 12, రాత్రి 9:48

మార్చండి. 13కి కొంచెం పైన వస్తుంది, ఫరవాలేదు. ప్లగ్ పీకి, డిస్‌ఛార్జ్ చేసి.

బ్రాడీపేట_రవి | మే 13, రాత్రి 10:15

మార్చాను. 13.1.

తర్వాత ట్రాన్స్‌మిట్ చూద్దామనుకుని యాంటెన్నా తీసేసి దాని బదులు డమ్మీ లోడ్ (పవర్‌ని గాల్లోకి వదలకుండా తాగేసే రెసిస్టర్) పెట్టాను. ఇంట్లో చేసిందే: ఒక కిలో ఓమ్, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు 20 ప్యారలల్‌లో, 50 ఓమ్‌లు, నెయ్యి డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోసి ముంచాను. యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో మైక్ గెయిన్ పూర్తిగా సున్నా చేసి పీటీటీ నొక్కాను. మాన్యువల్లో చెప్పినట్టు బయాస్ పాట్ (ఫైనల్స్‌ని అదుపులో ఉంచే మైనస్ వోల్టేజిని మార్చేది) తిప్పి ఐసీ 60 మిల్లీఆంప్స్‌కి పెట్టాను. బ్రహ్మాండం అనుకున్నా.

వదల్లేదు, అలాగే నొక్కి పట్టుకుని చూస్తున్నా. 70, 85, 100. నేనేం చెయ్యకుండానే దానంతట అదే పాకుతోంది. పాట్ వెనక్కి తిప్పితే కాసేపు దిగి మళ్ళీ ఎక్కింది. 180 దాటేసరికి ట్రాన్స్‌ఫార్మర్ ఘోషిస్తోంది, భయమేసి వదిలేశా. చాలా టెన్షన్ పడ్డాను. వాల్వుల ప్లేట్లు ఎర్రబడలేదు గానీ ఇంకొక్క నిమిషం ఉంటే ఏమయ్యేదో.

సాల్డర్_సుబ్బు | మే 13, రాత్రి 10:31

వాల్వులు గ్యాసీ అయ్యాయి. లోపలికి గాలి వెళ్ళింది. కొత్త జత కొను.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 13, రాత్రి 10:40

ఆ జత ఖరీదు తెలుసా నీకు? కొను అనడం తేలిక.

రవీ, ఇక కీ చెయ్యకు, అంటే పీటీటీ నొక్కకు. గ్యాసీ వాల్వు కూడా ఇట్లాగే చేస్తుంది, కాదనను. కానీ పందెం వేస్తే నేను వేసేది కప్లింగ్ కండెన్సర్ మీద. ఫైనల్స్‌కి సిగ్నల్ అందించే డ్రైవర్ వాల్వు 12బీవై7ఏ ప్లేట్ నుంచి ఫైనల్స్ గ్రిడ్‌కి (వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలీకి) వెళ్ళే మైకా కండెన్సర్, 100 పీఎఫ్. దానికి ఒకవైపు సుమారు 300 వోల్టుల ప్లస్, రెండోవైపు గ్రిడ్ మైనస్ బయాస్. ఆ మైకా కొంచెం లీకైతే చాలు, ప్లస్ ఇటు కారి మైనస్‌ని తినేస్తుంది. మైనస్ తగ్గితే వాల్వు తెరుచుకుంటుంది. వేడెక్కేకొద్దీ లీకు పెరుగుతుంది, అందుకే పాకుతూ ఎక్కడం. 101 వాడేవాళ్ళందరికీ ఈ జబ్బు తెలుసు, వయసు మీద పడితే వచ్చేదే.

బ్రాడీపేట_రవి | మే 14, సాయంత్రం 6:20

అన్నా, దాన్ని ఒక కాలు ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిచాను. ఓమ్స్‌లో ఇన్ఫినిటీ. కెపాసిటెన్స్ 102 పీఎఫ్. అంటే బాగానే ఉందిగా? సుబ్బు చెప్పిందే నిజమా?

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 14, సాయంత్రం 6:45

ఇదిగో, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నీ మల్టీమీటర్ దానికి ఇచ్చేది ఎంత? లోపలి బ్యాటరీ, మహా అయితే రెండు మూడు వోల్టులు. ఆ వోల్టేజికి అది బుద్ధిమంతుడే. 300 ఇచ్చి అడుగు, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. పొలంలో పైపుకి చిల్లు ఉందో లేదో నోటితో ఊది చెప్పలేం, మోటారు వెయ్యాలి.

మాస్టారు_73 | మే 14, రాత్రి 7:30

మెకానిక్‌గారు చెప్పింది నూటికి నూరు. ఊహలెందుకు, కొలిచి తేల్చుకుందాం. ఊడదీసిన కాలు మళ్ళీ అతికించండి. డిజిటల్ మీటరు, డీసీ రేంజి. పాత ముల్లు మీటరు అయితే గ్రిడ్ సర్క్యూట్‌ని అదే లాగేస్తుంది, రీడింగ్ నమ్మలేం. పవర్ లేనప్పుడే వైర్లు క్లిప్పులతో తగిలించి, చేతులు బయట పెట్టుకుని, అప్పుడు ఆన్ చెయ్యండి. ప్లేట్ వైపు వెళ్ళకండి.

మొదట బయాస్ పాట్ దగ్గర చూడండి, ట్రాన్స్‌మిట్‌లో అర నిమిషం. తర్వాత ఆఫ్ చేసి, క్లిప్ ఫైనల్స్ గ్రిడ్ పిన్‌కి మార్చి, మళ్ళీ అర నిమిషం. పాట్ దగ్గరే జారుతుంటే తప్పు బయాస్ సప్లైది, అక్కడి ఎలక్ట్రోలిటిక్ ఎండిపోయి ఉంటుంది. పాట్ దగ్గర కదలకుండా ఉండి గ్రిడ్ దగ్గర జారితే తప్పు వాల్వుది లేదా మైకాది. ఆ రెండింట్లో ఏదో తేల్చడానికి మైకా కాలు లేపి మళ్ళీ చూడడమే. అప్పుడు జారడం ఆగితే మైకా, ఆగకపోతే వాల్వు.

బ్రాడీపేట_రవి | మే 15, రాత్రి 11:05

పాట్ దగ్గర: మైనస్ 58, అర నిమిషం చూశా, కదల్లేదు.
గ్రిడ్ దగ్గర: ఆన్ చేసినప్పుడు మైనస్ 55, కళ్ళ ముందే 50, 46, 41. అక్కడ ఆపేశా.
మైకా కాలు లేపాక గ్రిడ్ దగ్గర: మైనస్ 58. రెండు నిమిషాలు ఉంచా. ఐసీ ముల్లు రాయిలా నిలబడింది.

మెకానిక్ అన్నా, పందెం గెలిచారు.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 15, రాత్రి 11:09

😀 బిర్యానీ వద్దులే, గోంగూర పంపు.

సాల్డర్_సుబ్బు | మే 15, రాత్రి 11:30

ఓకే, ఒప్పుకున్నా. కానీ కెపాసిటరే కదా పోయింది, నేను మొదట చెప్పింది కూడా కెపాసిటర్లు మార్చమనే 😜

లబ్బీపేట_లావణ్య | మే 16, ఉదయం 8:12

నువ్వు చెప్పినట్టు ఎలక్ట్రోలిటిక్స్ అన్నీ మార్చి ఉంటే కూడా ఈ మైకా అక్కడే ఉండేది సుబ్బూ, అది ఎలక్ట్రోలిటిక్ కాదు కాబట్టి ఎవరూ అనుమానించరు.

రవీ, హై వోల్టేజి మైకా కోసం ఊళ్ళో తిరిగి టైము వేస్ట్ చేసుకోకండి. నేను గవర్నర్‌పేటలో నాలుగు షాపులు అడిగాను ఒకప్పుడు, 50 వోల్టులవి చేతిలో పెట్టి అదే ఇదే అన్నారు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వెతికితే దొరకొచ్చు. 2 లేదా 3 కిలోవోల్టుల సిరామిక్ డిస్క్ 100 పీఎఫ్ వేసినా ఇక్కడ హాయిగా పనిచేస్తుంది.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 16, ఉదయం 9:00

కోఠీ దాకా ఎందుకు. పాత డబ్బా టీవీల బోర్డుల నుంచి తీసినవి నా దగ్గర హార్లిక్స్ సీసా నిండా ఉన్నాయి, నీలం రంగు డిస్కులు. షాపు మూసి మూడేళ్ళయినా ఆ సీసా మాత్రం పారెయ్యలేదు, మా ఆవిడ రెండుసార్లు పారెయ్యబోయింది. ఆదివారం రా. బస్టాండ్‌లో దిగి ఫోన్ చెయ్యి, అడ్రసు మెసేజ్ పెడతా. నీ మైకా కూడా తీసుకురా, దాని సంగతి చూద్దాం.

బ్రాడీపేట_రవి | మే 18, రాత్రి 9:40

ఇవాళ బెజవాడ వెళ్ళొచ్చాను. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, వారధి మీద బస్సు ఆగితే సీటు రాడ్ పట్టుకోలేకపోయా.

అన్న ఇంట్లో ఒక పరీక్ష చూపించాడు, అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. 300 వోల్టుల డీసీ సప్లై ప్లస్‌కి కండెన్సర్ ఒక కాలు, రెండో కాలు డిజిటల్ మీటరు ఎర్ర వైరుకి, నల్ల వైరు సప్లై మైనస్‌కి. మీటరు 10 మెగాఓమ్‌ల రెసిస్టర్‌లా పనిచేస్తుంది. కండెన్సర్ మంచిదైతే పెట్టిన క్షణం అంకె ఒక్కసారి లేచి సున్నాకి పడిపోవాలి. నా మైకా పెట్టాం. మొదట 30 చూపించింది, హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చజేస్తే 90, 160, 270. అంటే దాదాపు మొత్తం వోల్టేజి ఇవతలికి వచ్చేస్తోంది. చూట్టానికి మాత్రం నిగనిగలాడుతూ చాక్లెట్ బిళ్ళలా ఉంది, పగులు లేదు, మచ్చ లేదు. సీసాలోంచి తీసిన డిస్కులు నాలుగు పెట్టాం, మూడు సున్నా, ఒకటి 4 వోల్టులు చూపిస్తే అన్న దాన్ని చెత్తబుట్టలోకి విసిరేశాడు. సున్నా చూపించిన దాంట్లో ఒకటి ఇచ్చాడు.

ఇంటికొచ్చి వేశాను. ఐసీ 60. పది నిమిషాల్లో మధ్యమధ్య వదులుతూ ఆరుసార్లు చూశా. 60, 60, 61, 60...

మాస్టారు_73 | మే 19, ఉదయం 6:10

చాలా సంతోషం. ఇప్పుడు ట్యూనింగ్. కొత్తవాళ్ళు వాల్వులు కాల్చుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మొదట రిసీవ్‌లో ప్రీసెలెక్టర్ నాబ్ తిప్పి హిస్ ఎక్కడ గట్టిగా వస్తుందో అక్కడ పెట్టండి. డ్రైవర్ స్టేజికి కూడా అదే ట్యూనింగ్ కనుక సగం పని అక్కడే అయిపోతుంది. ప్లేట్ నాబ్‌ని మీ బ్యాండ్ గుర్తు దగ్గర, లోడింగ్ తక్కువలో. మోడ్ ట్యూన్‌కి తిప్పి, కారియర్ మెల్లగా పెంచి ఐసీ 100 దాకా రానిచ్చి, వెంటనే ప్లేట్ తిప్పండి. ముల్లు ఒకచోట లోతుగా దిగుతుంది, అదే డిప్. వదిలెయ్యండి. కీ నొక్కినప్పుడల్లా మనసులో పది లెక్కపెట్టుకోండి, పది దాటకూడదు. 6జేఎస్6సీ టీవీ వాల్వు, డిప్ బయట ఉంటే పదిహేను సెకన్లకే ప్లేటు ఎర్రబడుతుంది. ఆ తర్వాత మీటరు పీవో (బయటికి వెళ్ళే పవర్) మీద పెట్టి, లోడింగ్ కొంచెం, ప్లేట్ కొంచెం, మార్చి మార్చి గరిష్ఠానికి తేవడమే. నొక్కిన సేపటికి రెట్టింపు విశ్రాంతి.

10 మీటర్ల బ్యాండ్‌లో ఇంకో పరీక్ష. ప్లేట్ తిప్పేటప్పుడు ఐసీ డిప్ అయ్యే చోటూ, పవర్ గరిష్ఠంగా వచ్చే చోటూ ఒకటే కావాలి. అటూ ఇటూ తేడా ఉంటే న్యూట్రలైజేషన్ (ఫైనల్స్ వాటంతట అవే మోగకుండా ఆపే సర్దుబాటు) కదిలినట్టు. ఒకటే అయితే దాని జోలికి వెళ్ళొద్దు.

మీది రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ కనుక 50 వాట్లు దాటకూడదు. ఈ సెట్ దాటిపోతుంది. డ్రైవ్ తగ్గించి, వాట్ మీటరు పెట్టుకుని చూసుకోండి.

బ్రాడీపేట_రవి | మే 20, రాత్రి 10:50

అన్నీ చేశాను. డిప్, పీక్ ఒకేచోట. డమ్మీ లోడ్ మీద మాట్లాడి పక్క గదిలో చిన్న షార్ట్‌వేవ్ రేడియోలో విన్నా, గొంతు శుభ్రంగా ఉంది.

ఒక్క బాధ. రిసీవ్ బలహీనంగా ఉంది. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు కదలడమే కష్టం. మొదటి రోజు ఇంత తక్కువ లేదు. మీరు తిడతారని చెప్పలేదు గానీ... మొదటి రోజు రిసీవ్ ఆగిపోయినప్పుడు ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) బోర్డు మీద రెండు కాయిల్ డబ్బాల్లో (ఐఎఫ్‌టీలు) ట్యూనింగ్ కోర్లు స్క్రూడ్రైవర్‌తో కొంచెం తిప్పాను.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 20, రాత్రి 10:53

అనుకున్నా.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 20, రాత్రి 11:10

నలభై ఏళ్ళలో నా దగ్గరికి వచ్చిన రేడియోల్లో సగం "ఐఎఫ్‌టీ తిప్పిన కేసులే". అప్పట్లో అందరూ పెట్టుకునేది విజయవాడ 837 కిలోహెర్ట్జ్. అది సరిగ్గా రాలేదని ఇంట్లో ఎవడో ఒకడు స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఫెర్రైట్ కోర్ తిప్పితే రెండు నష్టాలు. ఒకటి, పగులుతుంది. రెండు, ఇనుము దగ్గరుంటే కాయిల్ విలువే మారుతుంది, నువ్వు పీక్ అనుకున్నది స్క్రూడ్రైవర్ తీయగానే పీక్ కాకుండా పోతుంది.

అసలు ఆగిపోయిన సెట్టుకి అలైన్‌మెంట్ కారణం ఎప్పుడూ కాదు. రాత్రికి రాత్రే కోర్ దానంతట అది తిరగదు.

సరే, ఏ రెండు, ఎటు తిప్పావ్, ఎంత? కోర్ పగిలిందా?

బ్రాడీపేట_రవి | మే 20, రాత్రి 11:18

పగల్లేదు. ఒకటి కుడికి అర చుట్టు ఉంటుంది. రెండోది గుర్తులేదు.

లబ్బీపేట_లావణ్య | మే 21, ఉదయం 7:55

కంగారు పడకండి, దీన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. సిగ్నల్ జనరేటర్ లేకపోయినా సెట్లోనే క్యాలిబ్రేటర్ (డయల్ సరిచూసుకోవడానికి సెట్ తనే పుట్టించే సిగ్నల్) ఉందిగా, 100 కిలోహెర్ట్జ్ పెట్టండి. అది ఎప్పుడూ ఒకే బలంతో ఉండే సిగ్నల్, బయట స్టేషన్ల మాదిరి పైకీ కిందికీ ఊగదు. యాంటెన్నా తీసేసి, సెట్ అరగంట వేడెక్కాక, క్యాలిబ్రేటర్ ఈల వినిపించే చోట ఆపి, ఎస్ మీటరు చూస్తూ తిప్పిన ఆ రెండు కోర్లు మాత్రమే గరిష్ఠానికి తెండి. మిగతావి ముట్టుకోవద్దు.

టూల్ లేకపోతే వెదురు అగరబత్తి పుల్లని బ్లేడుతో కోర్ గాడికి సరిపడా చెక్కండి. నేను నా టీఎస్-520కి (కెన్‌వుడ్ వాళ్ళ ఇలాంటి సెట్) అదే వాడాను.

బ్రాడీపేట_రవి | మే 22, రాత్రి 10:00

మూడు పుల్లలు విరిగాయి, నాలుగోది నిలబడింది. మొదటి కోర్ అర చుట్టు వెనక్కి తిప్పగానే మీటరు ఎస్3 నుంచి ఎస్7కి లేచింది, రెండోది పావు చుట్టుతో ఎస్9 దాటింది. ఇంకొంచెం తిప్పితే ఇంకొంచెం వస్తుందేమో అని చెయ్యి దురద పెట్టింది, పుల్ల పక్కన పడేశా.

సాయంత్రం బ్యాండ్ స్విచ్ 10 మెగాహెర్ట్జ్ మీద పెట్టి చైనా వాళ్ళ బీపీఎం టైమ్ సిగ్నల్ పట్టాను, గడియారంలా టిక్ టిక్ మంటూ. దానికి క్యాలిబ్రేటర్ని జీరో బీట్ చేశా, అంటే రెండూ సరిగ్గా కలిసేలా సర్దాను. ఇప్పుడు డయల్ నమ్మొచ్చు. వీఎఫ్‌వో (డయల్ తిప్పితే ఫ్రీక్వెన్సీ మార్చే భాగం) మొదటి ఇరవై నిమిషాలు కొంచెం జరుగుతోంది, తర్వాత కుదురుకుంటోంది.

మాస్టారు_73 | మే 22, రాత్రి 10:20

అది దాని స్వభావం. సెట్ ఆన్ చేసి కాఫీ తాగి రండి. గాల్లోకి వెళ్ళే ముందు ఎర్త్ బాగా చూసుకోండి, గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి రాడ్ దింపండి, లేకపోతే మైకు పెదవికి తగిలి చురుక్కుమంటుంది.

బ్రాడీపేట_రవి | మే 25, ఉదయం 8:30

నిన్న రాత్రి 40 మీటర్లలో మొదటి కాల్. 45 వాట్లు. హుబ్లీ నుంచి ఒకాయన 5-7 (మాట స్పష్టంగా, సిగ్నల్ ఎస్7) ఇచ్చాడు, ఆడియో వాల్వు సెట్‌లా ఉంది ఏం వాడుతున్నావ్ అని ఆయనే అడిగాడు.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. రిలే టక్ మనగానే "ఆ, ఇదే చప్పుడు" అంది. ఆయన మాట్లాడితే పక్కింటి టీవీలో గీతలు పడేవట, పక్కింటాయన క్రికెట్ రోజుల్లో గోడ మీద నుంచి కేకలేసేవాడట. ఇప్పుడు మా పక్కింట్లో ఎవరూ గీతల గురించి అడగలేదు. అయినా ఏసీసీ ప్లగ్ తీసి నశ్యం డబ్బాలోనే పెట్టాను, మా చిన్నోడికి మూడేళ్ళు.

గవర్నర్‌పేట_మెకానిక్ | మే 25, ఉదయం 8:41

గోంగూర ఏది?

సాల్డర్_సుబ్బు | మే 25, ఉదయం 9:15

అన్నా, నేను కూడా నిన్న ఒక టీఎస్-520 తెచ్చా, ఏలూరు రోడ్డు పాత సామాన్ల షాపులో. సిరీస్ బల్బు పెట్టే ఆన్ చేశా, ఒట్టు. బల్బు ఫుల్‌గా వెలుగుతోంది, ఆరడం లేదు.

లబ్బీపేట_లావణ్య | మే 25, ఉదయం 9:20

హీటర్ స్విచ్ ఆఫ్ చేసి చూడు. ఇంకా వెలిగితే ఫొటోలతో కొత్త థ్రెడ్ పెట్టు.